ఎప్పటిలాగే ఉన్నారా?

"కరోనా మొదట్లో అందరం భయంతో సగం చచ్చాం. రెండో ఏడాదికి చావులు పెరిగినా భయం మాత్రం తగ్గింది. మనుషులు నిజంగా కోలుకున్నారా, మొద్దుబారిపోయారా?" అని ఒక పాఠకురాలు అడిగారు. నాలుగు మాటల్లో జవాబు రాసేద్దామని కూర్చున్నాను, కుదరలేదు. మనసును కొలవడానికి వాడిన ప్రశ్నాపత్రం దగ్గరే ఆగిపోయాను. ఈ వ్యాసమంతా దాదాపు ఆ కాగితం గురించే.

వైరస్ సంగతులు మళ్లీ ఏకరువు పెట్టను. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారి అంది, 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందంది. ఆ మధ్యకాలంలో జనం మానసిక స్థితి ఎలా మారిందన్నదే మనకు కావాలి.

అది చెప్పాలంటే ముందునుంచీ కొలుస్తూ ఉన్నవాళ్లు కావాలి. లాక్‌డౌన్ పడ్డాక ఇంటర్నెట్‌లో పెట్టిన సర్వేలు వందల్లో ఉన్నాయి కానీ, అంతకుముందు వాళ్లు ఎలా ఉండేవారో వాటికి తెలియదు. పైగా మనసు బాగోలేనివాళ్లే అలాంటి లింకులు ఎక్కువగా నొక్కే అవకాశం ఉంది. అందుకే నేను బ్రిటన్ వైపు చూస్తాను. అక్కడ 'అండర్‌స్టాండింగ్ సొసైటీ' అనే సర్వే 2009 నుంచి అవే కుటుంబాలను పలకరిస్తూ వస్తోంది. 2018–19లో అందులో 18.9 శాతం మందిలో మానసిక బాధ పట్టించుకోవలసిన స్థాయిలో ఉండేది. 2020 ఏప్రిల్లో అది 27.3 శాతానికి ఎగబాకింది. సెప్టెంబరుకల్లా దాదాపు పాత మట్టానికి దిగివచ్చింది.

ఈ గ్రాఫ్ చూసినవాళ్లు "చూశారా, మనిషి దేనికైనా అలవాటు పడతాడు" అన్నారు. పడతాడేమో. ముందు కొలబద్ద చూద్దాం.

ఆ సర్వే వాడింది జీహెచ్‌క్యూ-12 అనే ప్రశ్నాపత్రం. డేవిడ్ గోల్డ్‌బర్గ్ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు 1970ల్లో రూపొందించిన దానికి ఇది కుదించిన రూపం. ప్రశ్నలు 12. ఈ మధ్య ఏకాగ్రత కుదురుతోందా, బెంగతో నిద్ర కరువైందా, ఎప్పుడూ ఒత్తిడిలో ఉన్నట్టుందా, రోజువారీ పనుల్లో ఆనందం దొరుకుతోందా, ఇలా ఉంటాయి. విశేషమంతా జవాబుల్లో ఉంది. నిద్ర ప్రశ్నకు నాలుగు జవాబులు: అస్సలు లేదు, ఎప్పటికంటే ఎక్కువేం కాదు, ఎప్పటికంటే కాస్త ఎక్కువ, ఎప్పటికంటే చాలా ఎక్కువ. మొదటి రెండింటికి 0, చివరి రెండింటికి 1. మొత్తం 4 దాటినా, 4కు చేరినా ఆ మనిషి లెక్కలోకి వస్తాడు.

'ఎప్పటికంటే' అన్న మాట చూడండి. మనిషి బాధ ఎంతో ఈ కాగితం అడగదు, అతని మామూలు రోజుకీ ఈ రోజుకీ తేడా ఎంతో అడుగుతుంది. ఆ 'మామూలు' ఏమిటో నిర్ణయించుకునేది కూడా అతనే.

ఒక మనిషిని ఊహించుకుందాం. 2020 ఏప్రిల్. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తోంది, మళ్లీ నిద్ర పట్టదు. అంతకుముందు ఇలా లేదు. 'ఎప్పటికంటే చాలా ఎక్కువ' దగ్గర టిక్కు పెట్టాడు: 1. ఒత్తిడి, ఎప్పటికంటే ఎక్కువే: 1. ఇష్టమైన పనుల్లో ఆనందం, ఎప్పటికంటే తక్కువ: 1. నలుగురికీ పనికొస్తున్నాననే భావన, తక్కువ: 1. మొత్తం 4. లెక్కలోకి వచ్చాడు.

ఇప్పుడు సెప్టెంబరు. అదే మనిషికి అదే మూడింటికి మెలకువ వస్తోంది, అయిదు నెలలుగా. పెన్ను పట్టుకుని ప్రశ్న చదివాడు. ఎప్పటికంటే ఎక్కువా? లేదే, ఎప్పుడూ ఇంతేగా. 'ఎక్కువేం కాదు' దగ్గర టిక్కు: 0. ఒత్తిడి కూడా రోజూ ఉన్నదే: 0. ఆనందం 'ఎప్పటిలాగే', పనికొస్తున్న భావన 'ఎప్పటిలాగే'. మొత్తం 0. గ్రాఫ్ ప్రకారం కోలుకున్నాడు. మూడింటికి మాత్రం మెలకువ వస్తూనే ఉంది.

పడవలో కూర్చుని వరద కొలవడం లాంటిది ఇది. పడవ అంచు నుంచి నీటికి ఎంత దూరమో చూస్తే ఎప్పుడూ జానెడే. నది పదడుగులు పెరిగినా జానెడే, ఎందుకంటే పడవ కూడా లేచింది. వరద హఠాత్తుగా వచ్చి పడవను ఊపినప్పుడు మాత్రం నీళ్లు లోపలికి చిమ్ముతాయి, అప్పుడు తేడా తెలుస్తుంది. ఊపు ఆగగానే మళ్లీ జానెడు. అంటే మట్టం మారుతున్న క్షణాన్ని ఈ కొలబద్ద బాగా పట్టుకుంటుంది, మారి నిలిచిపోయిన మట్టాన్ని పట్టుకోలేదు. ఫిజిక్స్ ల్యాబ్‌లో స్క్రూగేజి ఇచ్చి ముందు శూన్యాంశ దోషం, అంటే ఏమీ కొలవకముందే సున్నా దగ్గర ఉండే తేడా, చూడమనేవారు గుర్తుందా? మనలో చాలామంది దాన్ని రికార్డులో మార్కుల కోసం రాసి వదిలేశాం. ఇక్కడ ఆ సున్నాయే నెలనెలా జరుగుతోంది.

పోలిక ఇంకొంచెం లాగుతాను. ఊపు వచ్చినప్పుడు చిమ్మిన నీళ్లన్నీ వరద నీళ్లేనా? లాక్‌డౌన్ మొదటి వారాల్లో "రోజువారీ పనుల్లో ఆనందం దొరుకుతోందా?" అని అడిగితే ఏం చెప్తారు? ఆ పనులన్నీ బంద్. మనసు నిక్షేపంగా ఉన్నవాడు కూడా 'తక్కువ' అనే రాస్తాడు. పని ఆగిపోయి ఇంట్లో కూర్చున్నవాడు పనికొస్తున్నాననే భావన 'తక్కువ' అంటాడు. అది జబ్బు లక్షణమా, ఉన్న పరిస్థితిని ఉన్నట్టు చెప్పడమా? కాబట్టి ఈ ప్రశ్నాపత్రం మొదట్లో బాధను కాస్త ఎక్కువగా, తర్వాత కాస్త తక్కువగా చూపించగలదు. రెండు తప్పులూ ఒకే వైపు లాగుతాయి: నిటారుగా ఎక్కి, చకచకా దిగే గ్రాఫ్ వైపు.

ఈ లోపం కొత్తగా బయటపడింది కాదు. ఏళ్ల తరబడి బాధపడుతున్నవాళ్లు 'ఎప్పటిలాగే' అని రాసి తప్పించుకుపోతున్నారని 1985లోనే గుడ్‌చైల్డ్, డంకన్-జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు గుర్తించి, మార్కుల పద్ధతి మార్చి చూపించారు. నిద్ర, ఒత్తిడి లాంటి ప్రతికూల ప్రశ్నలకు 'ఎప్పటికంటే ఎక్కువేం కాదు' అన్నా 1 వేయాలన్నారు. అంటే 0-0-1-1 బదులు 0-1-1-1. మన మూడింటి మనిషికి ఆ లెక్కన సెప్టెంబరులో సున్నా రాదు, 2 వస్తుంది. అదీ 4 కంటే తక్కువే, నిజమే. కానీ పూర్తిగా మాయమైపోడు.

మరి 'ఎప్పటికంటే' లేని కొలబద్ద పెట్టి చూస్తే? పీహెచ్‌క్యూ-8 అని ఎనిమిది ప్రశ్నలది ఇంకొకటుంది. గత రెండు వారాల్లో నిద్ర ఇబ్బంది ఎన్ని రోజులు ఉంది, అని నేరుగా అడుగుతుంది. అస్సలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగం రోజులు దాటితే 2, దాదాపు రోజూ అయితే 3. మొత్తం 24కు 10 గానీ అంతకుమించి గానీ వస్తే మధ్యస్థం నుంచి తీవ్రమైన డిప్రెషన్ లక్షణాలు అంటారు. మూడింటి మనిషికి ఏప్రిల్లోనూ 3, సెప్టెంబరులోనూ 3. బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం దీన్నే వాడింది. అలాంటి లక్షణాలున్నవాళ్లు మహమ్మారికి ముందు 10 శాతం. 2020 జూన్‌లో 19. నవంబరులోనూ 19. 2021 మొదట్లో 21. ఆ వేసవిలో 17. ఎక్కింది సరే, దిగడం దాదాపు లేదు. ఒకే దేశంలో ఒకే కాలానికి రెండు వేర్వేరు గ్రాఫులు! సర్వేలో పాల్గొన్నవాళ్లు వేరు కాబట్టి తేడా అంతా కొలబద్దదే అనను. కొంతైనా దానిదే అని మాత్రం అంటాను.

ఇంతవరకూ చదివి "అయితే కోలుకోవడమంతా అబద్ధమన్నమాట" అనుకోకండి. లండన్ యూనివర్సిటీ కాలేజ్‌లో డెయిసీ ఫ్యాన్‌కోర్ట్ బృందం వారం వారం కొలిచింది, అదీ రోజులు లెక్కపెట్టే ప్రశ్నాపత్రాలతోనే. 36,520 మంది పెద్దలను 2020 మార్చి 23 నుంచి ఆగస్టు 9 దాకా చూస్తే, ఆందోళన, డిప్రెషన్ లక్షణాలు మొదట్లోనే అత్యధికం, తర్వాత తగ్గాయి. నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, అవి అన్నిటికంటే వేగంగా తగ్గింది లాక్‌డౌన్ కఠినంగా ఉన్న రెండు నుంచి అయిదు వారాల మధ్య. తలుపులు తెరుచుకుంటున్నకొద్దీ తగ్గుదల ఆగిపోయి మట్టంగా నిలిచింది. బాధంతా ఇంట్లో బంధించడం వల్లే అయితే ఇది తిరగబడి ఉండాలి. ఏం జరగబోతోందో తెలియకపోవడమే మొదటి వారాల్లో ఎక్కువగా కుదిపిందని నా అభిప్రాయం. ఇన్‌ఫ్లుయెంజా అనే పేరు ఇటాలియన్‌లో 'ప్రభావం' అనే మాట నుంచి వచ్చింది. నక్షత్రాల ప్రభావంతో ఆ జబ్బు వస్తుందని నమ్మేవారు మరి. దానికి మనం నవ్వుతాం. కానీ జనం మనసుకు ఏమైనా "అంతా లాక్‌డౌన్ వల్లే" అనడం కూడా ఒకే చుక్కను చూసి జాతకం చెప్పడమే.

ఇక సగటు మాట. పైన చెప్పిన అండర్‌స్టాండింగ్ సొసైటీలోనే 2020 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఒక్కొక్కరి దారి విడిగా గీస్తే అయిదు గుంపులు తేలాయి. 39.3 శాతం మొదటి నుంచీ బాగున్నారు, 37.5 శాతం ఇంకా బాగున్నారు. 12 శాతం మొదట కుంగి తర్వాత తేరుకున్నారు. 4.1 శాతం మెల్లగా దిగజారుతూ పోయారు. 7 శాతం మొదట్నుంచి చివరిదాకా చాలా బాధలో ఉన్నారు. పాఠకురాలు అడిగిన 'మనుషులు' అనే గుంపు ఇందులో ఎక్కడుంది? గ్రాఫ్‌లో కనబడ్డ దిగుడు చాలావరకు ఆ 12 శాతం మందిది. చివరి రెండు గుంపుల్లో ముందే మానసిక, శారీరక అనారోగ్యం ఉన్నవాళ్లు, పేద ప్రాంతాలవాళ్లు ఎక్కువ.

'మామూలు'తో పనిలేని లెక్క ఒకటుంది, ఆత్మహత్యలది. చెప్పుకోవడం కష్టమే. జపాన్‌లో 2020 ఫిబ్రవరి నుంచి జూన్ వరకు అవి 14 శాతం తగ్గాయి. జులై నుంచి అక్టోబరు వరకు 16 శాతం పెరిగాయి, మహిళల్లో 37 శాతం. యుద్ధకాలంలో ఆత్మహత్యలు తగ్గుతాయని ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త ఎమీల్ డర్క్‌హైమ్ 1897లోనే రాశాడు. ఆపద కొత్తలో జనం దగ్గరవుతారన్నమాట. బ్రిటన్ సర్వే 'కోలుకుంటున్నారు' అన్న నెలల్లోనే జపాన్‌లో ఈ రెండో అంకె పైకి వెళ్లింది. దేశాలు వేరు కాబట్టి రెంటినీ ముడివేయను, కానీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేను.

బ్రిటన్ గణాంక కార్యాలయం 2022 శరదృతువులో పీహెచ్‌క్యూ-8 ప్రశ్నలే మళ్లీ అడిగింది. అప్పటికి లాక్‌డౌన్ లేదు, మాస్కు లేదు. 16 శాతం వచ్చింది, పాత 10 రాలేదు. కరెంటు, గ్యాస్ బిల్లులు కట్టడం కష్టంగా ఉందన్నవాళ్లలో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరికి డిప్రెషన్ లక్షణాలున్నాయి. అందులో మహమ్మారి వాటా ఎంత, ధరల వాటా ఎంత అన్నది ఆ ఎనిమిది ప్రశ్నల్లో ఎక్కడా లేదు.