పొలం గెనిమకు వయసు కట్టడం ఎలా?

తాతల నాటి పొలం గెనిమ (గట్టు) ఎన్నేళ్లదో తేల్చవచ్చునా అని అనంతపురం జిల్లా పాఠకుడొకరు అడిగారు. పాత దానశాసనాలు భూమి ఎల్లలను చెట్లు, పుట్టలు, గుండ్లతో చెప్పాయి కానీ ఆ చెట్లు నేడు లేవు, తేల్చవలసింది మట్టితోనే.

ఇలాంటి కట్ట ఒకదాని వయసును ఎలా కట్టారో ముందు చూద్దాం. ఇంగ్లండు, వేల్స్ సరిహద్దులో వాట్స్ డైక్ అనే మట్టికట్ట సుమారు 64 కిలోమీటర్లు సాగుతుంది. పడమట కందకం తవ్వి, ఆ మన్నునే తూర్పున పోశారు. కట్ట కింద దొరికిన పొయ్యి బొగ్గును 1990లలో రేడియోకార్బన్‌తో (జీవి చచ్చాక క్రమంగా తరిగే ఒక రకం కార్బన్‌ను కొలిచే పద్ధతి) పరీక్షిస్తే 5వ శతాబ్దం సమీపంలో తేలింది. 2006లో అదే కట్ట మీది గోబోవెన్ అనే ఊరి వద్ద మన్నునే పరీక్షిస్తే 9వ శతాబ్దపు తొలి సగమని వచ్చింది. రెండింటికీ పొత్తు కుదురుతుంది, ఎందుకంటే బొగ్గు చెప్పేది చెట్టు చచ్చిన కాలాన్నే గాని కట్ట పోసిన కాలాన్ని కాదు. కాలాన్ని బట్టి కట్ట అర్థమే మారుతుంది: 5వ శతాబ్దమైతే రోమన్లు వెళ్లిపోయిన తరువాతి చిన్న రాజ్యాల పంపకం, 9వదైతే నాటి ఇంగ్లండులోని మెర్సియా రాజ్యపు హద్దు.

మన్ను పరీక్ష నన్ను ఎప్పుడూ అబ్బురపరుస్తుంది. నేలలోని యురేనియం, థోరియం, పొటాషియంల వికిరణం క్వార్ట్జ్ (ఇసుకలో ఎక్కువగా ఉండే ఖనిజం) రేణువులోని ఎలక్ట్రాన్లను కదిలిస్తే, వాటిలో కొన్ని స్ఫటిక లోపాల్లో చిక్కుకుంటాయి. ఎండ తగిలితే అవి విడిపోయి రేణువు ఖాళీ కుండవుతుంది. మన్ను కప్పిన నాటి నుంచి ఆ కుండ చుక్కచుక్కగా నిండుతుంది. ప్రయోగశాలలో నీలి కాంతి పడగానే రేణువు వెలిగే వెలుగును బట్టి అది పొందిన మోతాదును లెక్కిస్తారు. వికిరణ మోతాదుకు కొలమానం గ్రే, అందులో వెయ్యోవంతు మిల్లీగ్రే. ఏడాదికి 3 మిల్లీగ్రేలు అందే చోట మొత్తం 3 గ్రేలుంటే వయసు 1000 ఏళ్లు. నేలలోని తేమ వికిరణాన్ని కొంత ఆపుతుంది కనుక దాన్ని లెక్కలో వదిలేస్తే కట్ట ఉన్నదానికంటే చిన్నదిగా కనబడుతుంది; పారతో పోసిన పెళ్లల లోపలి రేణువులకు ఎండ తగలక కుండ సగం నిండే ఉంటే, వయసు ఎక్కువగా తేలుతుంది. చెదపురుగులు పై మన్నును కిందికి, కింది మన్నును పైకి కలుపుతాయి కనుక రేణువులను ఒక్కొక్కటిగా కొలవడం మేలు.

అనంతపురం ఎర్రనేలలు చాలావరకు గ్రానైటు జాతి రాళ్లు చితికి ఏర్పడినవి, క్వార్ట్జ్‌కు కొదవలేదు. కాబట్టి కొలవవచ్చు. కానీ రైతు గెనిమను తెగినప్పుడల్లా ఎగదోస్తాడు గనుక పైమన్ను చివరి మరమ్మతు కాలాన్నే చెబుతుంది. అడుగున పాతనేలను ఆనుకొన్న మన్నులోకి ఇనుప గొట్టాన్ని దిగగొట్టి, రెండు మూతులూ మూసి, వెలుతురు సోకకుండా తీసుకెళ్లాలి.