సాగే దారం, కారే రంగు

"లెగ్గింగ్స్‌లో విషం ఉందట, జిమ్‌లో చెమట పడితే ఒంట్లోకి దిగుతుందట, నిజమేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ప్రశ్నతో పాటు ఒక వీడియో కూడా పంపారు. అందులో ఒకాయన నల్లటి లెగ్గింగ్స్‌కి నిప్పు పెట్టి, అవి కరిగి ముద్దవుతుంటే "చూశారా, మీరు తొడుక్కునేది ప్లాస్టిక్!" అని కేకలు పెడుతుంటాడు. ప్లాస్టిక్కే, ఎవరు కాదన్నారు? పాలియెస్టర్, నైలాన్, సాగే దారమైన స్పాండెక్స్ మూడూ ఆ కోవలోవే. కాకపోతే ఆ ముద్దని చూసి భయపడటం దండగ.

చర్మంలోకి దూరే అణువుల బరువు సాధారణంగా 500 డాల్టన్ల (అణువుల బరువుకి కొలమానం) లోపు ఉంటుందని చర్మవైద్యంలో ఒక మోటు లెక్క ఉంది. ప్లాస్టిక్ అంటే పాలిమర్, అంటే చిన్న అణువులు వరసగా అతుక్కున్న పొడవాటి గొలుసు. ఆ గొలుసు బరువు వేలల్లో, కొన్నిసార్లు లక్షల్లో ఉంటుంది. అది ఎక్కడికీ దూరదు. అసలు చూడాల్సింది ఆ గొలుసుల సందుల్లో ఇరుక్కున్న చిన్న అణువుల్ని: రంగులు, రంగు నిలబడటానికి వాడే మందులు, చివర్లో పూసే పూతలు. వీటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది రంగుల సంగతి. బట్ట సాగడానికి, రంగు కారడానికి కారణం ఒకటే.

స్పాండెక్స్‌ని 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ తయారుచేశాడు. లైక్రా అనేది దాని బ్రాండు పేరు. దీని గొలుసులో మెత్తటి ముక్క, గట్టి ముక్క ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. గట్టి ముక్కలు పక్క గొలుసుల గట్టి ముక్కలతో హైడ్రోజన్ బంధాలు వేసుకుని ముడుల్లా నిలబడతాయి. మధ్యలో మెత్తటివి చుట్టలు చుట్టుకుని ఉంటాయి. లాగితే చుట్ట విప్పుకుంటుంది, వదిలితే మళ్ళీ ముడుచుకుంటుంది. అలా తన పొడవుకి ఐదారు రెట్లు సాగుతుంది.

ప్రతి పాలిమర్‌కీ గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత అని ఒకటుంటుంది. దానికి కింద గొలుసులు బిగుసుకుపోయి ఉంటాయి, పైన మెలికలు తిరుగుతూ కదులుతుంటాయి. పాలిమర్ల పాఠం అంటే మోనోమర్ల (గొలుసులోని చిన్న అణువుల) పేర్లు బట్టీ పట్టించడమే అయిపోయింది కాబట్టి చాలామంది ఈ మాటే విని ఉండరు. పాలియెస్టర్‌కి ఇది సుమారు 70–80 డిగ్రీల సెల్సియస్. స్పాండెక్స్‌లోని మెత్తటి ముక్కకైతే సున్నాకి ఎంతో దిగువన ఉంటుంది. అంటే మీ అల్మారాలో మడతపెట్టి ఉన్నప్పుడు కూడా ఆ గొలుసులు కదులుతూనే ఉంటాయి. ఆ కదలిక లేకపోతే సాగుడే లేదు.

ఇప్పుడు రంగు దగ్గరికి వద్దాం. పాలియెస్టర్‌కి వేసేవి డిస్పర్స్ రంగులు. ఇవి నీళ్ళలో దాదాపు కరగవు, సన్నటి పొడిగా తేలుతుంటాయి. ఒత్తిడి కింద నీటిని 130 డిగ్రీల దాకా వేడి చేస్తే గొలుసులు కదిలి సందులు తెరుచుకుంటాయి, రంగు అణువులు లోపలికి జొరబడతాయి. చల్లారాక సందులు మూసుకుపోతాయి. రంగుకీ నారకీ మధ్య గట్టి రసాయన బంధమేమీ ఉండదు. కిక్కిరిసిన బస్సులో దూరిన సన్నటి మనిషి లాంటిదే ఈ రంగు అణువు. అతన్ని ఎవరూ చేయి పట్టుకుని ఆపడం లేదు, కదలడానికి చోటు లేక నిలబడ్డాడు, అంతే. పాలియెస్టర్ బస్సులో జనం శిలల్లా నిలబడి ఉంటారు కాబట్టి అతను దిగలేడు. స్పాండెక్స్ బస్సులో జనం ఎప్పుడూ అటూ ఇటూ ఊగుతూనే ఉంటారు. ఎక్కడం ఎంత తేలికో దిగడమూ అంతే తేలిక. దిగడానికి ఎవరైనా తలుపు దగ్గర పిలవాలి కదా, ఆ పిలుపు చర్మం మీది జిడ్డు. డిస్పర్స్ రంగులకి నీళ్ళంటే గిట్టదు, నూనె అంటే ఇష్టం. అందుకే ఉత్త చెమట కన్నా ఒంటి జిడ్డు, లోషన్, సన్‌స్క్రీన్ వాటిని బాగా లాగుతాయి. చెమట చర్మాన్ని నానబెట్టి, రాపిడి, వేడి తోడై మిగతా పని కానిస్తాయి.

దీనికి తోడు అద్దకంలో ఒక ఇబ్బంది ఉంది. 130 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఉంచితే స్పాండెక్స్ దెబ్బతింటుంది, అందుకని వేడి తగ్గించాల్సి వస్తుంది. తగ్గిస్తే పాలియెస్టర్ సరిగ్గా రంగు తాగదు. ఆ రంగులో కొంత స్పాండెక్స్‌కే అంటుకుంటుంది. పైన మిగిలిన రంగుని సోడియం హైడ్రోసల్ఫైట్, క్షారం కలిపిన నీళ్ళలో కడిగేస్తారు. ఆ తర్వాత బట్ట కొలత నిలబడాలని బాగా వేడి చేస్తే లోపలి రంగు మళ్ళీ పైకి వస్తుంది. ముదురు రంగులకైతే ఇదంతా మరీ ఎక్కువ. కొత్త నల్ల లెగ్గింగ్స్ మీద రెండు చుక్కలు నూనె వేసిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. నల్లటి చార పడితే రంగు సరిగ్గా కడగలేదన్నమాట.

ఇలా ఊడిన రంగు ఒంటికి పడకపోతే వచ్చేది కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే తగిలిన చోట వచ్చే దద్దురు. డిస్పర్స్ బ్లూ 106, 124 అనే నీలి రంగులు ఇందులో పేరుమోసినవి. దద్దురు ఎక్కడ వచ్చిందో చూసి డాక్టర్లు కారణం ఊహిస్తారు. డియోడరెంట్ పడనివాళ్ళకి చంక గుంట మధ్యలో వస్తుంది. బట్ట పడనివాళ్ళకి గుంట బాగానే ఉండి, దాని చుట్టూ, బట్ట ఒరుసుకునే మడతల్లో వస్తుంది. తొడల లోపలివైపు, నడుము పట్టీ కింద కూడా అంతే.

క్యాన్సర్ మాటకొస్తే, అజో అనే జాతి రంగుల్లో కొన్ని విడిపోయి ఆరోమాటిక్ అమీన్లు అనే రసాయనాలు అవుతాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. అలాంటి 22 అమీన్లలో ఏదీ బట్టలో కిలోకి 30 మిల్లీగ్రాములు దాటకూడదని యూరోపియన్ యూనియన్ నియమం. ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్‌ఫినాల్-ఏ (బీపీఏ) గొడవ 2022లో వచ్చింది. కాలిఫోర్నియాలోని సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ సంస్థ కొన్ని స్పోర్ట్స్ బ్రాలు, టీషర్టుల వల్ల ఆ రాష్ట్ర పరిమితికి 22 రెట్ల దాకా బీపీఏ ఒంటికి తగలొచ్చని చెప్పింది. ఆ పరిమితి చర్మం ద్వారా రోజుకి 3 మైక్రోగ్రాములు. ఒంటికి తగలడం వేరు, రోగం రావడం వేరు, కానీ దీన్ని కొట్టిపారేయలేం: 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ నోటి ద్వారా అందే బీపీఏకి తన పాత పరిమితిని 20,000 రెట్లు తగ్గించింది. నీళ్ళు అంటకుండా వాడే పీఎఫ్‌ఏఎస్ (తేలిగ్గా విడిపోని ఫ్లోరిన్ రసాయనాలు) పూతల్ని కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి కొత్త బట్టల్లో నిషేధించింది. వ్యాయామం బట్టకి చెమట పీల్చడం కావాలి గానీ నీళ్ళు అంటకపోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

మరి పత్తి? పత్తికి వాడే రియాక్టివ్ రంగులు 1956లో మార్కెట్లోకి వచ్చాయి, ఇవి సెల్యులోజ్‌తో నేరుగా కోవలెంట్ బంధం, అంటే గట్టి రసాయన బంధం వేసుకుంటాయి. బస్సులో మనిషిని సీటుకి కట్టేసినట్టే. అయితే ప్రకృతిదంటే చాలు మంచిదే అనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమే. ముడతలు పడని పత్తిబట్టకి ఫార్మాల్డిహైడ్ రెజిన్లు పూస్తారు, అవీ కొందరి చర్మానికి పడవు. స్పాండెక్స్ రాకముందు సాగుడు కోసం వాడిన సహజ రబ్బరుతో అలర్జీలు మామూలే.

పత్తి దానంతటది సాగదు, అల్లికలోని ఉచ్చులు సాగుతాయి, కాసేపటికి మోకాళ్ళ దగ్గర సంచీలా వేలాడుతుంది. మెరినో గొర్రెల ఉన్నిలో నార సహజంగానే వంకీలు తిరిగి ఉంటుంది, లోపలి కెరాటిన్ అనే ప్రోటీన్ కూడా స్ప్రింగులా మెలి తిరిగి ఉంటుంది కాబట్టి ఇది కొంత నయం. తేమ పట్టడంలోనూ తేడా పెద్దదే: గాలిలోంచి పాలియెస్టర్ తన బరువులో 0.4 శాతం, పత్తి సుమారు 8 శాతం, ఉన్ని 16 శాతం దాకా తేమ పీలుస్తాయి. పాలియెస్టర్ మీద మైక్రోకాకస్ బ్యాక్టీరియా బాగా పెరిగి కంపు కొడుతుంది, ఆ కంపు పోగొట్టడానికి వెండి పూతలు వేస్తారు. ఒక రసాయనానికి ఇంకో రసాయనం కాపలా.

యోగాకి, బరువులెత్తడానికి 95 శాతం పత్తి, 5 శాతం స్పాండెక్స్ ఉన్నవి హాయిగా సరిపోతాయి. స్పాండెక్స్ దారం చుట్టూ పత్తి చుట్టిన కోర్-స్పన్ నూలు దొరికితే ఇంకా మంచిది, సాగే దారం ఒంటికి తగలదు. దూరం పరిగెత్తేవాళ్ళకి తడిసిన పత్తి ఒరుసుకుపోతుంది, వాళ్ళకి మెరినోయే నయం. స్పోర్ట్స్ బ్రాకి మాత్రం సరైన సహజ ప్రత్యామ్నాయం నాకు కనబడలేదు. సింథటిక్‌దే తీసుకోండి, లేత రంగుది, తొడుక్కునే ముందు రెండుసార్లు ఉతికి, వ్యాయామం అవ్వగానే విప్పేయండి.