వైర్‌లెస్ గిటార్ సిస్టమ్: స్టేజీ మీద వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను సంగీత్‌లకీ, చర్చి మీటింగులకీ, చవితి పందిళ్లలో ఆర్కెస్ట్రాకీ గిటార్ వాయిస్తుంటా, మిగతా బ్యాండ్‌ల వాళ్లకి స్టేజీ సెటప్ కూడా చేసిపెడతా. గిటార్‌కి కేబుల్ బదులు చిన్న ట్రాన్స్‌మిటర్ గుచ్చితే, రిసీవర్ ఆ సిగ్నల్‌ని రేడియోలో అందుకుని ఆంప్‌కి (గిటార్ సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె) ఇస్తుంది, అదే గిటార్ వైర్‌లెస్. అది కొంటామని అడిగేవాళ్లూ, కొని రెండు ప్రోగ్రామ్‌లకే విసుగొచ్చి అమ్మేసేవాళ్లూ దాదాపు ఇవే మాటలు చెప్తుంటారు, అందుకే ఒకచోట రాస్తున్నా.

అపోహ: వైర్‌లెస్ అంటే లేట్‌గా వినిపిస్తుంది, తాళం తప్పిపోతాం

ఈ భయం బ్లూటూత్ నుంచి వచ్చింది. మామూలు బ్లూటూత్ స్పీకర్‌కి 100 మిల్లీసెకన్ల పైనే లేట్ ఉంటుంది, దాంతో గిటార్ వాయించడం అయ్యే పని కాదు. కానీ గిటార్ వైర్‌లెస్ వేరే పద్ధతి. బాస్ (BOSS) కంపెనీ డబ్ల్యూఎల్-20కి లేట్ 2.3 మిల్లీసెకన్లు, లైన్ 6 కంపెనీ జీ10కి 2.9 లోపు. గాల్లో శబ్దం మీటరు దూరం రావడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఆంప్‌కి ఇంకో మీటరు వెనక నిలబడి వాయించినట్టే లెక్క, అంతే. కాకపోతే వైర్‌లెస్, దాని తర్వాత మల్టీ ఎఫెక్ట్స్ (సౌండ్ మార్చే పెట్టె), డిజిటల్ మిక్సర్, చివర్లో డిజిటల్ వైర్‌లెస్ ఇన్-ఇయర్ (చెవిలో పెట్టుకుని వినేది) ఇలా అన్నీ వరసగా పెడితే ఒక్కోటి కొంచెం కొంచెం కలిసి ఫాస్ట్ పికింగ్‌లో చేతికి తెలిసిపోతుంది, అప్పుడు వైర్‌లెస్ ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు.

అపోహ: టోన్ పోతుంది

టోన్ మారుతుంది, పోదు. గిటార్ కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారాడ్ల కెపాసిటెన్స్ (చార్జ్‌ని కొంచెం దాచుకునే గుణం) ఉంటుంది, 6 మీటర్ల కేబుల్ అంటే 600, అది పాసివ్ పికప్‌తో (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే, బ్యాటరీ లేని భాగం) కలిసి పై ఫ్రీక్వెన్సీలని కొంచెం నొక్కేస్తుంది. మన చెవి ఏళ్ల తరబడి ఆ సౌండ్‌కే అలవాటుపడింది. వైర్‌లెస్‌లో ఆ కేబుల్ లేదు కాబట్టి గిటార్ ఇంకా పదునుగా వస్తుంది, కొంతమందికి అది పల్చగా అనిపిస్తుంది. అందుకే డబ్ల్యూఎల్-20లో 3 మీటర్ల కేబుల్ టోన్‌ని లోపలే కలిపేశారు, బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లకీ అకౌస్టిక్‌కీ అది అక్కర్లేదు కాబట్టి డబ్ల్యూఎల్-20ఎల్ అని విడిగా ఇచ్చారు, కొనేటప్పుడు ఈ తేడా చూసుకోండి. ఇంకో మాట, ఏసీ/డీసీ బ్యాండ్ గిటారిస్ట్ ఆంగస్ యంగ్ 1970ల చివర్లోనే షాఫర్-వేగా అనే అనలాగ్ వైర్‌లెస్ వాడాడు, ఆ సౌండ్ నచ్చి స్టూడియోలో రికార్డింగ్‌కి కూడా అదే వాడాడు.

ఒక్క చోట మాత్రం నిజంగానే ఇబ్బంది ఉంది. ఫజ్ ఫేస్ రకం ఫజ్ పెడల్‌కి (సౌండ్‌ని గరగరలాడించే పెడల్) గిటార్ పికప్ నేరుగా తగలాలి, మధ్యలో రిసీవర్ వస్తే సౌండ్ గీరుకుపోయినట్టు వస్తుంది, వాల్యూమ్ నాబ్ తగ్గించినా క్లీన్ అవ్వదు. ఫజ్ మీద బతికేవాళ్లు కేబుల్‌తోనే ఉండండి.

అపోహ: సౌండ్ చెక్‌లో బాగుంది కాబట్టి షోలో బాగుంటుంది

గొడవంతా ఇక్కడే. మధ్యాహ్నం ఖాళీ హాల్లో చెక్ చేస్తే స్టేజీ ఆ చివర దాకా నడిచినా చుక్క కట్ అవ్వదు, సాయంత్రం 500 మంది వచ్చి కూర్చోగానే సోలో మధ్యలో టప్ టప్ మని పోతుంది, పీస్ బాగాలేదని తిరిగి ఇచ్చేస్తారు. అసలు జరిగేదేంటంటే మనం వాడే చవకవన్నీ ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్‌వే, అదే బ్యాండ్‌లో వైఫై, బ్లూటూత్, ప్రతి జేబులో ఉన్న హాట్‌స్పాట్ అన్నీ ఉంటాయి. పైగా మనిషి ఒంట్లో ఉండేది ఎక్కువ నీళ్లే, ఆ బ్యాండ్‌ని ఒళ్లు బాగా పీల్చేస్తుంది. ట్రాన్స్‌మిటర్ వెనక జేబులో పెట్టుకుని, రిసీవర్ కాళ్ల దగ్గర పెడల్‌బోర్డ్ మీద పెడితే ఆ రెండిటి మధ్య అడ్డుగా ఉన్నది మీరే. డబ్బా మీద రాసిన 20 మీటర్లు, 30 మీటర్లు అడ్డం ఏమీ లేనప్పటి లెక్క.

నేను చేసేది చెప్తా. రిసీవర్‌ని ఛాతీ ఎత్తులో స్టాండ్ మీదో ఆంప్ మీదో, నాకు ఎదురుగా కనపడేలా పెడతా. ఎల్‌ఈడీ వాల్ పక్కన అస్సలు పెట్టను, అది కూడా రేడియో నాయిస్ బాగా వదులుతుంది. తర్వాత సౌండ్ చూసే అన్న దగ్గరికెళ్లి ఒకటే అడుగుతా, అన్నా మిక్సర్‌ని ట్యాబ్‌తో కంట్రోల్ చేసే రౌటర్ ఎక్కడుంది, 2.4లో ఉందా అని. చాలాసార్లు ఆ రౌటరే స్టేజీ బాక్స్ (స్టేజీ మీది వైర్లన్నీ గుచ్చే పెట్టె) పక్కన, మన రిసీవర్‌కి రెండడుగుల్లో ఉంటుంది! దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చమంటే సగం కష్టం తీరిపోతుంది. మీది 5.8 గిగాహెర్ట్జ్ గిటార్ వైర్‌లెస్ అయితే మాత్రం రౌటర్‌ని 36 నుంచి 48 మధ్య ఛానల్‌లో పెట్టమనండి, 149 నుంచి పైన ఉన్నవి సరిగ్గా మీ బ్యాండ్‌లోకే వస్తాయి. ఇక బ్యాండ్‌లో మన వాళ్ల ఫోన్ల వైఫై, బ్లూటూత్, హాట్‌స్పాట్ షో అయ్యేదాకా ఆఫ్.

అపోహ: యూహెచ్ఎఫ్ అయితే ఏ ప్రాబ్లమూ ఉండదు, అమెరికా నుంచి తెప్పించుకుంటే ఇంకా మంచిది

యూహెచ్ఎఫ్ (ఇక్కడ వందల మెగాహెర్ట్జ్‌లో నడిచే వైర్‌లెస్‌లు) ఒళ్లు అడ్డొచ్చినా 2.4 కంటే బాగానే దాటుతుంది, ఒప్పుకుంటా. కానీ ఏ ఫ్రీక్వెన్సీ అనేదే అసలు ప్రశ్న. అమెరికాలోనే 700 మెగాహెర్ట్జ్ వైర్‌లెస్‌లని 2010లో ఆపించేశారు, 600 బ్యాండ్‌లో చాలా భాగం 2020 జులైలో పోయింది, ఆ పాతవే సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి, బావ వచ్చేటప్పుడు తెస్తాడు. ఇక్కడేమో 2022 వేలంలో 700 బ్యాండ్‌ని జియో 5జీకి కొనుక్కుంది, ఆ టవర్ ముందు మీ చిన్న ట్రాన్స్‌మిటర్ నిలబడలేదు. మన దేశంలో లైసెన్స్ అడగకుండా వదిలిన బ్యాండ్‌ల్లో మనకి పనికొచ్చేవి 2.4, 5.8 గిగాహెర్ట్జ్, అలాగే 865 నుంచి 868 మెగాహెర్ట్జ్, కొనేముందు డబ్బా వెనక నంబర్ చదవండి.

అపోహ: వైర్‌లెస్ సోకు కోసమే

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. వైరు గిటార్ తీగలు జాక్ ద్వారా ఆంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి, మైకు జాలీ మిక్సర్ ఎర్త్‌కి. పందిట్లో ఆంప్‌కి ఒక లైన్, మిక్సర్‌కి జనరేటర్ లైన్ ఇచ్చి, ఎక్కడో ఒకచోట ఎర్త్ లేకపోతే, తీగల మీద చెయ్యి ఉండగా పెదవి మైకుకి తగిలితే కరెంట్ ఒంట్లోంచి పోతుంది. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ ఎర్త్ లేని మైకు పట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. వైర్‌లెస్‌లో గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య తీగే ఉండదు కాబట్టి పాడుతూ వాయించేవాళ్లకి ఆ దారి తెగిపోతుంది. కానీ మీ పక్కనున్న బేస్ ప్లేయర్ ఇంకా వైరుతోనే ఉన్నాడు కదా, తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడే సింగర్ ఉంది కదా, కాబట్టి జనరేటర్ ఎర్త్ రాడ్ దిగిందా లేదా అని ఎలక్ట్రీషియన్‌ని అడగడం మానకండి, మల్టీమీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో పెట్టి మైకు జాలీకీ గిటార్ తీగకీ మధ్య చూడండి, చెప్పుకోదగ్గ వోల్టేజ్ కనిపిస్తే ఎవ్వరూ ఏదీ ముట్టుకోవద్దు.

అపోహ: హమ్ పోతుంది

గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలిసి చుట్టులా మారడం) వల్ల వచ్చే హమ్, అంటే ఆ సన్నని కరెంట్ మోత, పోతుంది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ పట్టుకునే 50 హెర్ట్జ్ హమ్ అలాగే ఉంటుంది, అది పికప్‌లోనే పుడుతోంది. ఇంకా సన్నగా కుయ్ మంటుంటే రిసీవర్‌ని మిగతా పెడల్స్‌తో ఒకే గొలుసు అడాప్టర్ (ఒకే పవర్‌ని అన్నిటికీ వరసగా పంచేది) మీద పెట్టారేమో చూడండి, దానికి విడిగా ఐసోలేటెడ్ (మిగతావాటితో కలవని) పవర్ అవుట్‌పుట్ ఇవ్వాలి.

అపోహ: రిహార్సల్‌కి కేబుల్ చాలు, వైర్‌లెస్ షో రోజు తీస్తే సరిపోతుంది

దీనికే ఎక్కువమంది దొరికిపోతారు. వైర్‌లెస్ పెట్టగానే పెడల్స్‌కి వెళ్లే సిగ్నల్ లెవెల్, ట్రెబుల్ రెండూ మారతాయి, కేబుల్ మీద సెట్ చేసుకున్న డ్రైవ్ ప్యాచ్‌లు (గరుకు సౌండ్ సెట్టింగులు) షోలో గీరుతాయి. కాబట్టి రిహార్సల్ రూమ్‌లోనే వైర్‌లెస్‌తో ప్యాచ్‌లు కట్టుకోండి, ఇద్దరు గిటారిస్టులుంటే ఎవరు ఏ ఛానలో అక్కడే తేల్చుకుని టేప్ మీద రాసి అంటించండి, ఇద్దరూ ఒకేసారి వాయించి చూడండి. ప్రీయాంప్ (సిగ్నల్ పెంచే సర్క్యూట్) ఉన్న అకౌస్టిక్ అయితే గట్టిగా స్ట్రమ్ చేసినప్పుడు ట్రాన్స్‌మిటర్ ఇన్‌పుట్ పగులుతోందా అని వినండి, పగిలితే గిటార్ వాల్యూమ్ తగ్గించాలి, మిక్సర్‌లో తగ్గిస్తే పోదు. బ్యాటరీ కూడా ఇక్కడే తెలుస్తుంది. జాక్‌కి నేరుగా గుచ్చే చిన్నవి కొన్ని ఐదు గంటలే వస్తాయి, ఆర్కెస్ట్రా ఏడింటికి మొదలై అర్ధరాత్రి దాటుతుంది, బ్రేక్‌లో పవర్ బ్యాంక్‌కి పెట్టే అలవాటు రిహార్సల్‌లోనే చేసుకోవాలి, మంచి కేబుల్ ఒకటి ఆంప్ వెనక ముందే చుట్టి పెట్టి ఉంచాలి.