జపాన్ ఆలయాలను రెండుగా విడదీసిన 1868

జపాన్ యాత్రకు వెళ్లేవారికి గైడు పుస్తకాలన్నీ మొదట చెప్పే సూత్రం ఒకటే. తోరీ ద్వారం కనిపిస్తే అది కామి అనే దేవతలు కొలువుండే షింటో మందిరం. పెంకుల కప్పు, పగోడా, అగరు ధూపం ఉంటే అది బౌద్ధాలయం. క్యోటోలో రెండు రోజులు తిరిగేవారికి ఈ సూత్రం చాలావరకు సరిపోతుంది. నిక్కోకు వెళ్తే మాత్రం తికమక తప్పదు. షోగున్ (జపాన్‌ను ఏలిన సైనిక పాలకుడు) తొకుగవా ఇయెయసు సమాధి ఉన్న తోషోగూ షింటో మందిరమే అయినా, దాని రాతి తోరీ దాటగానే ఎడమ చేతివైపు ఐదంతస్తుల పగోడా ఎదురవుతుంది. ఇంకా లోపల, యోమెయ్‌మోన్ ద్వారానికి సమీపంలో, రోగాలు నయం చేసే యకుషి బుద్ధుడి మందిరం ఉంది. దాని పైకప్పుకు చిత్రించిన డ్రాగన్ తల కింద నిలబడి రెండు చెక్కలను గట్టిగా తాటిస్తే, గంట మోగినట్టు సన్నని ప్రతిధ్వని వస్తుంది. నాలుగడుగులు పక్కకు జరిగి తాటిస్తే ఆ ధ్వని రాదు. తోషోగూ ఆవరణలోనే ఉన్నా ఈ మందిరాన్ని నడిపేది పొరుగునున్న రిన్నోజి అనే బౌద్ధాలయం.

ఈ విడ్డూరానికి కారణం వెతికితే 150 ఏళ్ల కిందటి ఒక ప్రభుత్వ ఉత్తర్వు దగ్గరికి చేరుకుంటాం. ఆ ఉత్తర్వు ఏమి విడదీసిందో తెలియాలంటే అంతకు ముందున్న వెయ్యేళ్ల పొత్తు తెలియాలి.

బౌద్ధం ఆరో శతాబ్దంలో కొరియాలోని బేక్జే రాజ్యం నుంచి జపాన్ చేరింది. రాతి పునాది మీద స్తంభాలు, వాటి తలల మీద దూలాల బరువును పంచుకునే చెక్క బ్రాకెట్లు, బరువైన పెంకులు, చివరలు పైకి తిరిగిన చూరు దానితోపాటే వచ్చాయి. 607లో స్థాపించి, 670లో కాలిపోయాక తిరిగి కట్టిన హోర్యూజి అనే బౌద్ధాలయంలో ఆ పద్ధతి నేటికీ కనిపిస్తుంది. ప్రపంచంలో నిలిచి ఉన్న అతి పాత చెక్క కట్టడాలు అవే. దాని పగోడా మూలస్తంభం కింద ధాతువులను, అంటే పవిత్ర అవశేషాలను, నిక్షేపించారు కాబట్టి, అమరావతి స్తూపం చూసినవారికి ఈ ఐదంతస్తుల గోపురం పరాయిదిగా తోచనక్కరలేదు. స్థానిక దేవతల మందిరాలు మరో దారిలో సాగాయి. ఇసే షింటో మందిరంలో స్తంభాలను నేరుగా భూమిలో పాతి, గడ్డితో కప్పు వేసి, మొత్తం మందిరాన్ని ఇరవై ఏళ్లకొకసారి కొత్తగా కట్టే ఆచారం 690 నుంచి, మధ్యలో యుద్ధాల కాలంలో ఆగినా, కొనసాగుతోంది. చివరిసారి 2013లో జరిగింది, మళ్లీ 2033లో జరగవలసి ఉంది.

ఈ రెండు దారులూ త్వరలోనే కలిశాయి. నారాలో మహాబుద్ధ విగ్రహం తయారవుతున్న రోజుల్లో, 749లో, దానికి రక్షకుడిగా హచిమన్ దేవతను క్యూషూ నుంచి ఆవాహన చేసి తెచ్చారు. కామి అంటే ఈ నేలమీద బుద్ధులు ధరించిన రూపాలేనన్న సిద్ధాంతం ఆ తర్వాతి శతాబ్దాలలో బలపడింది. అవతారాల లెక్క తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. మందిరాల పక్కన పగోడాలు లేచాయి, కామి ముందు భిక్షువులు సూత్రపఠనం చేశారు. 1616లో మరణించిన ఇయెయసుకు ఇచ్చిన తోషో దైగోంగెన్ అన్న దైవనామం (గోంగెన్ అంటే అవతారం) కూడా ఈ భావన నుంచి పుట్టినదే. ఆయన మూలరూపం యకుషి బుద్ధుడని నమ్మారు కనుకనే 1636 నాటి నిర్మాణంలో యకుషి మందిరానికి అంత ముఖ్యమైన చోటు దక్కింది.

1868లో అధికారానికి వచ్చిన మెయిజీ ప్రభుత్వం తన అధికారాన్ని చక్రవర్తి దైవత్వం మీద నిలబెట్టదలచింది. అందుకు బౌద్ధం అంటని షింటో కావాలి. ఆ ఏడాది వసంతంలో వెలువడిన ఉత్తర్వులు మందిరాలలోని భిక్షువులు సన్యాసం వదలాలని, గోంగెన్ వంటి బౌద్ధ నామాలు తీసివేయాలని, బుద్ధ విగ్రహాలను దేవతలుగా పూజించరాదని ఆదేశించాయి. ధ్వంసం చేయమని ఎక్కడా చెప్పలేదు. పైగా దౌర్జన్యం వద్దని కొద్ది రోజుల్లోనే హెచ్చరిక కూడా జారీ చేశారు. కానీ హియే పర్వతం కింద హియోషి మందిరంలో అర్చకులు జనంతో చొరబడి విగ్రహాలను, గ్రంథాలను తగలబెట్టారు. దక్షిణాన సత్సుమాలో వెయ్యికి పైగా బౌద్ధాలయాలు మూతపడ్డాయి. కమకురాలోని త్సురుగఓకా హచిమన్ మందిరంలో ఉన్న పెద్ద పగోడాను 1870లో కూల్చివేశారు. ఈనాడు అక్కడి మెట్లెక్కేవారికి దాని జాడ కనిపించదు. ఫెలిచే బేయాటో తీసిన పాత ఛాయాచిత్రాలలో మాత్రం అది మిగిలింది. క్యోటోలో బౌద్ధంతో ముడిపడిన గోజు తెన్నో అనే దేవత కొలువున్న గియోన్ ఆలయం యసకా మందిరంగా పేరు మార్చుకుంది. నారా కొండల్లో ఒక బౌద్ధాలయం తన్‌జాన్ మందిరమై బతికింది. 1532 నాటి పదమూడు అంతస్తుల చెక్క పగోడా అక్కడ షింటో ఆవరణలో ఇంకా నిలిచి ఉంది.

నిక్కోలో విభజన పూర్తిగా సాధ్యపడలేదు. సంస్థలను రెండు మందిరాలుగా, ఒక బౌద్ధాలయంగా విడదీసి, పెద్ద సంబుత్సుదో మందిరాన్ని ఊడదీసి వేరే స్థలంలో నిలబెట్టారు గానీ, తోషోగూ లోపలి బౌద్ధ కట్టడాలన్నిటినీ కదిలించడం కుదరలేదు. అవి ఎవరివన్న తగాదా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కోర్టు దాకా వెళ్లింది. 1999లో యునెస్కో మాత్రం మూడు సంస్థలకు చెందిన 103 కట్టడాలను ఒకే వారసత్వ సంపదగా గుర్తించింది.

అన్నిటికన్నా విచిత్రమైనది నారాలోని కోఫుకుజి గతి. అక్కడి భిక్షువులు మూకుమ్మడిగా పొరుగునున్న కసుగా మందిరంలో అర్చకులైపోయారు. ఆలయం ఖాళీ అయింది. ఐదంతస్తుల పగోడాను లోహపు సామాను కోసం తగలబెట్టదలచిన వ్యాపారికి అమ్మారని, ఇళ్లకు నిప్పంటుకుంటుందని చుట్టుపక్కలవారు అడ్డుపడ్డారని ఒక కథ ప్రచారంలో ఉంది. అమ్మిన ధర చెప్పేవారిని బట్టి మారుతుంది కనుక దాన్ని కథగానే తీసుకోవాలి. ఆలయ ప్రహరీని పడగొట్టిన మాట మాత్రం వాస్తవం. ఆ స్థలం 1880లో నారా పార్కులో కలిసింది. అంత పెద్ద ఆలయంలోకి ఈరోజు జింకలు, జనం ఏ వైపు నుంచైనా నడిచి రాగలగడానికి కారణం అదే.

కాపాడాలన్న ఆలోచన నష్టం వెంటే మొదలైంది. పురాతన వస్తువుల సంరక్షణపై 1871లో ప్రకటన వెలువడింది. అదే ఏడాది ఆలయ భూములను కూడా ప్రభుత్వమే స్వాధీనం చేసుకున్నదన్నది మరచిపోరాదు. దిక్కుతోచని హోర్యూజి 1878లో 300కు పైగా నిధులను రాజకుటుంబానికి సమర్పించి, బదులుగా వచ్చిన 10,000 యెన్‌లతో నెట్టుకొచ్చింది. పాత మందిరాల, ఆలయాల సంరక్షణ చట్టం 1897లో వచ్చింది. మరమ్మతుల మధ్యలో హోర్యూజి ప్రధానమందిరం 1949 జనవరి 26న అగ్నిప్రమాదానికి గురై కుడ్యచిత్రాలు మాడిపోయాక, 1950లో నేటి సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టం చేశారు. ఆ చట్టం కింద జాతీయ సంపదగా నమోదైన కోఫుకుజి పగోడాకు మెయిజీ కాలపు మరమ్మతుల తర్వాత, దాదాపు 120 ఏళ్లకు, మళ్లీ పెద్ద మరమ్మతులు చేపట్టారు; పనులు సాగినంతకాలం కట్టడం మొత్తం తాత్కాలిక కప్పు లోపలే ఉంటుంది.