బూస్ట్ తగ్గితే తప్పు టర్బోదేనా? పాత లారీల విషయంలో అపోహలు - వాస్తవాలు

లోడుతో ఎగువ ఎక్కలేక రొప్పుతూ వచ్చిన బండి షెడ్డు ముందు ఆగగానే డ్రైవరు చెప్పే మాట ఒకటే: "టర్బో పోయింది మేస్త్రీ." అలా వచ్చినవాటిలో నిజంగా టర్బో పోయిన బండ్లు నాకు తక్కువే తగిలాయి. నేను చెప్పేది కంప్యూటర్ లేని, మెకానికల్ డీజిల్ పంపు ఉన్న పాత లారీల గురించి. టాటా బండ్లలో వచ్చిన 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజను ఇందుకు మంచి ఉదాహరణ. వీటిలో ఫలానా చోట తప్పుందని చెప్పే లైటు ఏదీ వెలగదు. మన కన్ను, చెవి, చేతిలో ఒక ప్రెషర్ గేజి, అంతే.

అపోహ: బూస్ట్ తగ్గిందంటే టర్బో పాడైనట్టే.

టర్బోకు సొంత బలం లేదు. సిలిండర్లలో డీజిల్ మండి బయటికి వచ్చే వేడి వాయువు ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్ట్‌కు రెండో కొసన ఉన్న చక్రం గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. ఆ నొక్కిన గాలి ఒత్తిడినే బూస్ట్ అంటాం. డీజిల్ చాలకపోయినా, వేడి వాయువు టర్బోను చేరకముందే, దాన్ని అక్కడికి చేర్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పగులులోంచి జారిపోయినా, నొక్కిన గాలి హోసులోంచి కారిపోయినా గేజి ముల్లు మాత్రం ఒకే మాట చెబుతుంది.

వీటిలో ఏదన్నది తేల్చుకోవడానికి ముందు సైలెన్సర్ వైపు చూడండి. బండి లాగడం లేదు, నల్లపొగ దట్టంగా వస్తోంది అంటే డీజిల్ అందుతోంది, గాలే చాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్, హోసులు, నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్, చివరికి టర్బో చూడాలి. బండి లాగడం లేదు, పొగా లేదు అంటే డీజిలే అందడం లేదు. అప్పుడు టర్బో విప్పడం అత్త మీద కోపం దుత్త మీద చూపడమే.

పొగ లేని బండిలో మొదట చేయాల్సిన పని చాలా చిన్నది. క్యాబిన్‌లో ఒకరు ఎక్స్‌లరేటర్ పూర్తిగా తొక్కుతుంటే, కింద పంపు లీవరు చివరిదాకా వెళ్లి ఆగుతోందో లేదో చూడటం. లింకులు అరిగిపోయి లీవరు సగంలోనే ఆగిన బండ్లున్నాయి. ఆ తర్వాత డీజిల్ ఫిల్టర్లు, ఫీడ్ పంపు, ట్యాంకులోని జాలీ.

ఇవన్నీ బాగుంటే ఎల్‌డీఏ దగ్గరికి రావాలి. ఈ మూడక్షరాలు జర్మన్ పేరులోంచి వచ్చాయి. బాష్ పంపుల మీద, పాతవాళ్ల నోట ఇప్పటికీ మైకో పంపుల మీద, ఇంజను వేగాన్ని బట్టి డీజిల్‌ను అదుపు చేసే గవర్నర్ దగ్గర చిన్న గిన్నెలా కనిపిస్తుంది. లోపల రబ్బరు డయాఫ్రం ఉంటుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి ఒక సన్నని గొట్టం దానికి వస్తుంది. బూస్ట్ పెరిగేకొద్దీ ఆ గాలి డయాఫ్రాన్ని నొక్కి, ఇంకొంచెం డీజిల్ ఇవ్వమని పంపుకు అనుమతిస్తుంది. ఆ గొట్టం పగిలితే బూస్ట్ ఇంకా రాలేదనుకుని పంపు డీజిల్ బిగబడుతుంది. డీజిల్ రాక వేడి పుట్టదు, వేడి లేక టర్బో తిరగదు, టర్బో తిరగక బూస్ట్ రాదు. రెండు టర్బోలు మార్చినా దారికి రాని ఒక బండిలో నాకు దొరికిన దోషం ఇదే: గొట్టం బ్రాకెట్‌కు రాసుకుని చిల్లు పడింది. గొట్టం బాగుంటే చేతి పంపుతో ఎల్‌డీఏలోకి సుమారు 1 బార్ గాలి కొట్టి ఆపండి. ముల్లు దిగిపోతుంటే లోపల డయాఫ్రం చిరిగినట్టే.

అపోహ: న్యూట్రల్‌లో రేస్ చేస్తే బూస్ట్ ఎంతో తెలిసిపోతుంది.

తెలియదు. లోడు లేని ఇంజనుకు గవర్నర్ కొద్దిపాటి డీజిలే ఇస్తుంది, ముల్లు లేచీ లేవనట్టు ఉంటుంది. అది చూసి టర్బోను తప్పుపట్టకూడదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు గేజి బిగించి, పొడవాటి గొట్టంతో క్యాబిన్‌లోకి తెచ్చుకోవాలి. లోడుతో, పెద్ద గేరులో, ఎగువన, ఎక్స్‌లరేటర్ పూర్తిగా తొక్కి చూసిన అంకే లెక్క. ఇలాంటి ఇంజన్లలో అది 1 బార్‌కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మీ ఇంజను మాన్యువల్‌లో ఎంత ఉందో దానితోనే పోల్చండి, పక్క బండితో కాదు.

అపోహ: హోసుల మీద చెయ్యి పెట్టి చూస్తే లీకు దొరుకుతుంది.

నిలబడి ఉన్న బండిలో హోసులో ఒత్తిడే ఉండదు, ఇక చేతికి తగిలేదేముంది? టర్బోకు గాలి వచ్చే మూతికి బిరడా బిగించి, రెగ్యులేటర్ పెట్టి 1 బార్‌కు మించకుండా గాలి ఎక్కించి, కీళ్లన్నిటి మీద సబ్బునీళ్లు చల్లాలి. షెడ్డు కంప్రెసర్‌లో ఉండే 8, 10 బార్ గాలిని నేరుగా వదిలారంటే బిరడా ఫిరంగి గుండులా వస్తుంది, దాని ఎదురుగా మాత్రం నిలబడకండి. ఇంజను బ్రీదర్ దగ్గర కొంత గాలి బుస్సుమనడం మామూలే. ఇంటర్‌కూలర్‌ను విడిగా చూడాలంటే 30 పీఎస్‌ఐ ఎక్కించి మూసేస్తారు. 15 సెకన్లలో 5 పీఎస్‌ఐకి మించి పడకపోతే పనికొస్తుందనేది నేను పాటించే కొలత.

అపోహ: షాఫ్ట్ ఆడుతోంది, హోసులో ఆయిల్ ఉంది, కాబట్టి టర్బో మార్చాలి.

టర్బో బేరింగులు ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతాయి. ఇంజను ఆపాక వేలితో కదిపితే షాఫ్ట్ పక్కలకు కొంచెం ఆడటం సహజం. ముందుకూ వెనక్కీ ఆడితేనే అనుమానించాలి, రెక్కలు గోడకు రాసుకున్న గీతలుంటే ఇక అనుమానమే అక్కర్లేదు. ఆయిల్ సంగతి వేరు. లోపలి సీలు రబ్బరుది కాదు, పిస్టన్ రింగు లాంటి లోహపు రింగు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి అటునుంచి గాలి లాగేస్తున్నా, ఆయిల్ కిందికి దిగే పైపు పూడుకుపోయినా మంచి టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది. అదే స్థితిలో కొత్తది బిగించినా అంతే.

అపోహ: పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచితే బూస్ట్ అదే వస్తుంది.

వస్తుంది, కొన్నాళ్లు. వెనకే పిస్టన్లు కరుగుతాయి, మానిఫోల్డ్ పగులుతుంది. గాలి లీకును డీజిల్‌తో పూడ్చే పని నా షెడ్డులో చేయను.

అపోహ: టర్బో దాటాక ఏమున్నా బూస్ట్‌కు సంబంధం లేదు.

ఒక బండిలో నల్లపొగ వస్తోంది, లీకు ఎక్కడా లేదు, ఫిల్టర్ కొత్తది, షాఫ్ట్ నిక్షేపంగా ఉంది. రెండు రోజులు తల పట్టుకున్నాను. చివరికి పొగ గొట్టాన్ని రేకుతో మూసి బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు రాడ్డు విప్పి లీవరును చేత్తో తిప్పబోతే కదల్లేదు. లోపలి రేకు తుప్పు పట్టి సగం మూసుకుని బిగుసుకుపోయింది. వాయువు బయటికి పోలేక టర్బోకు ఎదురొత్తిడి ఇస్తోంది. రేకును వదులు చేసి, రాడ్డు సరిచేసి లోడుతో నడిపితే ముల్లు మాన్యువల్‌లో ఉన్న అంకెకు చేరింది. ఓనరు ముందే కొని తెచ్చిన కొత్త టర్బో అప్పటికి పెట్టె కూడా విప్పకుండా క్యాబిన్‌లో సీటు వెనక ఉంది.