పైరేట్స్ ఎందుకు గెలవరు? పిట్స్‌బర్గ్ నుంచి తాతయ్య ఉత్తరం

చిరంజీవులు చిన్నాకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నా అడిగాడు కదా, "తాతయ్యా, మీ ఊరి టీం ఎప్పుడూ ఓడిపోతుందేంటి?" అని. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. మీ బాబాయిని అడిగి తెలుసుకున్నదీ, నేను చూసిందీ కలిపి ఇప్పుడు రాస్తున్నా.

పిట్స్‌బర్గ్ అంటే మీకు వెంకటేశ్వరస్వామి గుడే గుర్తొస్తుంది. ఇక్కడి బేస్‌బాల్ జట్టు పైరేట్స్. చివరిసారి కప్పు గెలిచింది 1979లో, అప్పటికి మీ నాన్నే పుట్టలేదు. 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. స్టేడియం మాత్రం నది ఒడ్డున, ఎదురుగా పసుపుపచ్చ వంతెనతో ఎంత బాగుంటుందో! ఓడిపోతున్నా లేచి రాబుద్ధి కాదు.

ఐపీఎల్ వేలంలో అందరికీ ఒకటే పర్సు. 2025 సీజన్‌కి ముందు జరిగిన మెగా వేలంలో ప్రతి జట్టుకీ 120 కోట్లే, హైదరాబాదైనా ముంబై అయినా. ఇక్కడ అలాంటి కట్టడి లేదు. జీతాలు ఒక హద్దు దాటితే లగ్జరీ టాక్స్ కట్టాలి, అంతే. ఉన్నవాడు అదీ కట్టి మరీ కొంటాడు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు 2023 చివర్లో షోహెయ్ ఓటానీ ఒక్కడికే పదేళ్లకు 70 కోట్ల డాలర్లు రాసిచ్చింది. 2025లో పైరేట్స్ జట్టు మొత్తానికి ఇచ్చిన జీతాలు 10 కోట్ల డాలర్ల లోపే.

అంత తేడా టీవీ దగ్గర మొదలవుతుంది. చాలా మ్యాచ్‌ల ప్రసార హక్కులు ఏ ఊరి జట్టువి ఆ జట్టే అమ్ముకుంటుంది. డాడ్జర్స్ 2013లో పాతికేళ్లకు కుదుర్చుకున్న టీవీ ఒప్పందం 800 కోట్ల డాలర్ల పైమాటే. పిట్స్‌బర్గ్ లాంటి చిన్న ఊరికి ఎవరిస్తారు అంత? అందుకే ప్రతి జట్టూ తన స్థానిక ఆదాయంలో దాదాపు సగం ఉమ్మడి హుండీలో వేస్తే, దాన్ని అందరూ సమానంగా పంచుకుంటారు. అలా వచ్చింది ఓనర్లు ఆట మీదే పెడుతున్నారా అని ఇక్కడి జనానికి అనుమానం. "టీం అమ్మేయ్!" అని స్టాండ్స్‌లో అరుస్తారు. మీ బాబాయి కూడా అరిచాడు, పిన్ని ముందు మాత్రం ఒప్పుకోడు.

అలాగని డబ్బున్నవాళ్లే గెలుస్తారనుకోకండి. 2002లో ఓక్లాండ్ జట్టు జీతాల ఖర్చు సుమారు 4 కోట్ల డాలర్లు, న్యూయార్క్ యాంకీస్‌ది దానికి మూడింతలు. ఇద్దరూ 103 మ్యాచ్‌లే గెలిచారు, ఇద్దరూ ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లోనే ఇంటికెళ్లారు. 2023లో అందరికంటే ఎక్కువ జీతాలిచ్చిన న్యూయార్క్ మెట్స్ ప్లేఆఫ్ గడపే తొక్కలేదు. 162 మ్యాచ్‌లు ఆడాక నాలుగైదు ఆటల్లో తేలిపోయే సిరీస్‌లో ఏమైనా జరగొచ్చు.

నాకు అర్థమైనంత వరకు, డబ్బుండటమంటే ఇక్కడ పొరపాటు చేసినా తట్టుకోగలగడం. కోట్లు పోసి తెచ్చినవాడికి దెబ్బ తగిలితే డాడ్జర్స్ ఇంకొకడిని తెస్తారు. పైరేట్స్‌కి ఆ ఏడాది అయిపోయినట్టే. పైగా ఆటగాడు ఆరు సీజన్ల పాటు జట్టు చేతిలో ఉంటాడు, తర్వాత తనకి నచ్చిన చోటికి పోవచ్చు. మొదటి మూడేళ్లూ జీతం తక్కువే. కాబట్టి చిన్న జట్టు కుర్రాళ్లని పెంచుతుంది, వాళ్లు చేతికొచ్చేసరికి నిలబెట్టుకోలేదు. పైరేట్స్ 2013 నుంచి మూడేళ్లు వరసగా ప్లేఆఫ్‌కి వెళ్లారు. 2015లో 98 గెలిచి, ఒకే ఒక్క నాకౌట్ మ్యాచ్‌తో బయటికొచ్చారు. 2018 జనవరిలో రెండు రోజుల తేడాలో ఇద్దరు స్టార్లని వేరే జట్లకిచ్చేశారు. ఒకడు ఊరంతా ముద్దుగా చూసుకున్న మెకచెన్. రెండోవాడు పిచర్ (మన బౌలర్ లాగా బంతి వేసేవాడు) గెరిట్ కోల్, వాడు మరో రెండేళ్లకి 32.4 కోట్ల డాలర్లకి యాంకీస్‌లో తేలాడు.

ఇప్పుడు పాల్ స్కీన్స్ అని ఇంకో కుర్రాడున్నాడు. 2025లో పైరేట్స్ ఆడే నేషనల్ లీగ్‌లో మేటి పిచర్‌గా సై యంగ్ అవార్డు అతనికే వచ్చింది. బంతి గంటకి 160 కిలోమీటర్ల దాకా వేస్తాడు! అతను వేసే రోజు టికెట్లకి ముందే తొందరపడాలి. బాబాయి లెక్క ప్రకారం 2029 సీజన్ దాకా ఇక్కడే ఉండొచ్చు, ఆలోపు ఎవరికీ ఇచ్చేయకపోతే. అందుకే వేసవి సెలవులకి వచ్చేటట్టు మీ నాన్నతో మాట్లాడతాను. బుజ్జి పాస్‌పోర్టు అయిందో లేదో రాయండి.

మీ
తాతయ్య