అమెరికా స్టూడెంట్ వీసా: అమీర్‌పేటలో వినిపించే అపోహలు, అసలు సంగతులు

పన్నెండేళ్లుగా అమీర్‌పేటలో స్టూడెంట్ వీసా ఫైళ్లే చూస్తున్నా. మెట్రో దిగి మా ఆఫీసు మెట్లెక్కేలోపే పిల్లల చెవిలో నాలుగు పుకార్లు పడిపోతాయి, వాటిని దులపడానికే నాకు సగం రోజు సరిపోతుంది.

అపోహ: 214(బి), అంటే వీసా నిరాకరించే సెక్షన్, పడితే ఇక అమెరికా మాట మర్చిపోవాల్సిందే.

మొన్న నల్గొండ నుంచి తండ్రీకొడుకులు వచ్చారు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు పెద్దాయన. "సార్, మావాణ్ని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టిండ్రంట గదా" అన్నాడు. లేదండీ. వచ్చిన ప్రతివాడూ అక్కడే ఉండిపోయేవాడని ఆ సెక్షన్ ముందే అనుకుంటుంది, కాదని నమ్మించాల్సింది మనమే, ఆ రోజు ఆఫీసర్‌కి నమ్మకం కుదరలేదు, అంతే. నిషేధం ఏమీ ఉండదు. 185 డాలర్ల దరఖాస్తు ఫీజు మళ్లీ కట్టాలి, స్లాట్ దొరికితే మళ్లీ వెళ్లొచ్చు. 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థకి కట్టేది) మాత్రం, 12 నెలల్లోపు అదే రకం వీసాకి వెళ్తే మళ్లీ కట్టక్కర్లేదు. ఈ ముక్క చాలామంది చెప్పరు.

అయితే ఏమీ మారకుండా వెళ్తే అదే కాగితం చేతికొస్తుంది. ఆ యూనివర్సిటీనే ఎందుకు ఎంచుకున్నావని అడిగితే, కుర్రాడు "అన్నా, కన్సల్టెన్సీ వాళ్లు ఇప్పించారు" అన్నాడు. కౌంటర్ దగ్గరేమో వాళ్లు బట్టీ పట్టించిన నాలుగు ఇంగ్లిష్ లైన్లు గడగడా అప్పజెప్పాడట. లైన్లో వాడికంటే ముందు ఎంతమంది అవే అప్పజెప్పారో!

అపోహ: అకౌంట్లో డబ్బు కనిపిస్తే చాలు, ఎక్కణ్నుంచి వస్తే ఏంటి?

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఎడ్యుకేషన్ లోన్ చూపించండి, నాన్న ఎఫ్‌డీలు చూపించండి, తప్పే లేదు. కానీ వడ్డీకి తెచ్చి రెండు వారాలు అకౌంట్లో పెట్టి ఇది మా సొంత డబ్బే అనడం, లేని ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ లెటర్ కొట్టించడం, ఇవి దొరికితే 214(బి)తో పోదు. 212(ఎ)(6)(సి) అని ఇంకోటుంది, మోసం చేశారని తేలితే ఆ ముద్ర జీవితాంతం ఉంటుంది, మినహాయింపు తెచ్చుకోవడం మామూలు విషయం కాదు. 214(బి) పడిందని ఇంటిల్లిపాదీ అన్నం మానేస్తారు, దీని పేరు మాత్రం ఎవరూ విని ఉండరు.

చిన్నవి కొన్ని. వీసా స్టాంప్ గడువు అయిపోతే అక్కడ ఉండకూడదనేది అబద్ధం, స్టాంప్ లోపలికి వెళ్లడానికి మాత్రమే, ఎంతకాలం ఉండొచ్చన్నది ఐ-94 (దేశంలోకి అడుగుపెట్టినప్పుడు ఇచ్చే ఎంట్రీ రికార్డు), మీ స్టేటస్ చెప్తాయి. వెళ్లగానే పెట్రోల్ బంకులో పార్ట్‌టైమ్ చేసుకోవచ్చనేదీ అబద్ధమే, క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, అంతవరకే. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేయండి, నేనూ చేశాను, కానీ ఫైలు సర్దుకున్నాక చేయండి.

అపోహ: డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారం) ఎవరు నింపినా ఒకటే.

ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అని ఆ ఫారంలోనే అడుగుతారు. చేసినవాళ్లే అక్కడ "లేదు" అని పెట్టేస్తారు! ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి, 2025 జూన్ నుంచి స్టూడెంట్లను వాటిని పబ్లిక్‌లో పెట్టమంటున్నారు కూడా.

నల్గొండ కుర్రాడి రెండో ఫారం అప్పటికే సిద్ధంగా ఉంది, ప్రింట్ తెచ్చాడు. ఇంతకుముందు వీసా నిరాకరించారా అన్నచోట "లేదు" అని ఉంది. "అట్లనే పెట్టమన్నరు అన్నా" అన్నాడు. సబ్మిట్ ఇంకా కొట్టలేదు, నయం. పెద్దాయన జేబులోంచి ఆ మడతల కాగితం తీసి టేబుల్ మీద పరిచాడు, కొడుకు మా కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని చూస్తూ తారీఖుతో సహా తనే టైప్ చేశాడు.